పచ్చోడంటే ఎవడు? గేమ్‌లో టీమ్ కలర్స్ ఎట్ల పెట్టుకోవాలె

ఇవాళ్టి టాపిక్ వింటే "దీని మీద కూడా ఎపిసోడా?" అనిపిస్తది. టీమ్ కలర్స్. స్ట్రాటజీ గేమ్‌లో లాబీ ఓపెన్ కాగానే ఎవడికి నచ్చిన రంగు వాడు కొట్టేసి "రెడీ" నొక్కేస్తడు. ఆ తర్వాత అరగంట సేపు "అరే అది మనోడే, కొట్టకురా!" అని అరుచుకుంటం.

ముందు క్రికెట్ నుంచి ఒక ముచ్చట. 2019 వరల్డ్ కప్‌లో జూన్ 30న ఎడ్జ్‌బాస్టన్‌లో ఇండియా, ఇంగ్లండ్ మ్యాచ్ గుర్తుందా? మనోళ్లు నారింజ రంగు జెర్సీలో దిగిన్రు. మ్యాచ్ 31 పరుగుల తేడాతో పోయింది, అందుకే చాలామంది ఆ జెర్సీనే తిట్టుకున్నరు. కానీ అది వేసుకున్న కారణం చాలా సింపుల్. ఇండియాది నీలం, ఇంగ్లండ్‌ది నీలం. టీవీలో చూసేటోళ్లకు రెండు టీములు తేడాగా కనిపించాలె, ఆతిథ్య దేశం తన రంగు ఉంచుకోవచ్చు, కాబట్టి మనం మార్చుకోవాల్సి వచ్చింది. రెండే టీములు, పెద్ద గ్రౌండు, హెచ్‌డీ కెమెరాలు ఉన్నా ఇంత ఆలోచించిన్రు. మనం ఆరుగురం, ఎనిమిదిమందిమి ఆడతం, అదీ ఆరు ఇంచుల స్క్రీన్ మీద. మనకు రూల్ పెట్టేటోడు ఎవడూ లేడు. మనమే పెట్టుకోవాలె.

ఇవాళ ఒక్క లెక్క పట్టుకుని పోదాం. కామారెడ్డి నుంచి ముగ్గురు, ఎల్లారెడ్డి నుంచి ముగ్గురు. ముగ్గురు వర్సెస్ ముగ్గురు. ఎవరింట్ల వాళ్లు కూర్చున్నరు, వాయిస్ కాల్ ఆన్‌లో ఉంది. ఆరు రంగులు పంచాలె. ఎట్ల?

మొదటి గొడవ కంటితో కాదు, నోటితో వస్తది. కాల్‌లో ఎవడో అరుస్తడు: "పచ్చోడు వస్తున్నడు, పచ్చోడు వస్తున్నడు!" ఏ పచ్చోడు? పచ్చగడ్డి అంటే ఆకుపచ్చ. పచ్చకామెర్లు అంటే పసుపు. మన తెలుగులో ఒకటే మాట రెండు రంగులకూ నడుస్తది. ఇంట్లో అమ్మ "ఆ పచ్చ చీర తియ్యి" అంటే బీరువా ముందు నిలబడి రెండు చీరలు చూపించి "ఇదా, అదా?" అని అడిగే టైమ్ ఉంటది. గేమ్‌లో అంత టైమ్ ఉండదు. మీ గుర్రాలు ఒక దిక్కు ఉరుకుతయి, దాడి ఇంకో దిక్కు నుంచి వస్తది. ఇంగ్లీష్‌లో అనుకుందాం అంటరా? "యెల్లో, గ్రీన్" అని మ్యాచ్ మొదట్ల అందరికీ గుర్తుంటది. కంగారులో నోటికి వచ్చేది మాత్రం చిన్నప్పటి నుంచి అన్న మాటే. అందుకే నా మొదటి రూలు: పసుపు, ఆకుపచ్చ రెండూ ఒకే మ్యాచ్‌లో వద్దు. రెంటిలో ఒకటి తీసెయ్యండి. తీసేది ఆకుపచ్చనే. ఎందుకో ఇప్పుడు చెప్తా.

స్ట్రాటజీ గేముల్లో మ్యాప్ ఎక్కువగా గడ్డి, చెట్లు. ఆకుపచ్చ సైన్యం ఆ గడ్డిలో కలిసిపోతది. ఇది అందరికీ తెలిసిన కారణం. తెలియని కారణం ఇంకోటి ఉంది, ఇవాళ అసలు మాట్లాడాల్సింది దాని గురించే.

మీ గ్యాంగ్‌లో ఒకడు ఉంటడు. లూడోలో తనది ఎరుపైతే పక్కోడి ఆకుపచ్చ కాయ పట్టుకుని జరపబోతడు. మ్యాప్‌లో మనోడి మీదికే బాణాలు వేస్తడు. అందరూ "కళ్లు దొబ్బినయా" అని నవ్వుతరు. వాడు కూడా నవ్వేస్తడు. వాడికి ఆట రాక అట్ల అయితలేదు. ఎరుపు, ఆకుపచ్చ వాడికి నిజంగానే ఒకటే తీరుగా కనిపిస్తుండొచ్చు.

మన కంటి వెనక పొరలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు ఉంటయి. వాటిని కోన్స్ అంటరు. ఒకటి పొడవైన తరంగాలకు, ఒకటి మధ్య రకానికి, ఒకటి పొట్టి తరంగాలకు ఎక్కువ స్పందిస్తది. మొదటి రెంటిలో ఒకటి లేకపోయినా, సరిగా పని చెయ్యకపోయినా ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా పలచబడుతది. ఆ రెంటికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటయి. మగపిల్లలకు ఎక్స్ ఒకటే, అదీ తల్లి నుంచి వచ్చేది. ఆడపిల్లలకు రెండు, ఒకటి పాడైనా రెండోది కాపాడుతది. అందుకే ఈ సమస్య మగవాళ్లలో చాలా ఎక్కువ. మేనమామ పోలిక అంటరు చూడండి, ఇక్కడ అది నిజం. మీ మేనమామకు ఇది ఉంటే మీకు కూడా ఉండే అవకాశం ఉంటది.

ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్లలో ఇది దాదాపు 8 శాతం, ఆడవాళ్లలో అర శాతం. ఆసియా వాళ్లలో కొంచెం తక్కువ. తక్కువైనా సరే, స్ట్రాటజీ గేమ్ గ్రూపుల్లో ఎక్కువ మగపిల్లలే కదా, ఇరవై ముప్పై మంది ఉన్న గ్రూపులో ఒకడైనా ఉంటడనే అనుకోండి. వాడికి కూడా తెలిసి ఉండకపోవచ్చు. పుట్టినప్పటి నుంచి లోకం అట్లనే కనిపిస్తే తేడా ఉందని ఎట్ల తెలుస్తది? ఇంగ్లండ్ సైంటిస్ట్ జాన్ డాల్టన్‌కే పెద్దయ్యాక తెలిసింది. 1794లో తన చూపు గురించి తనే ఒక పేపర్ చదివిండు.

మన దగ్గర చాలామందికి ఎప్పుడు తెలుస్తదంటే, ఉద్యోగం మెడికల్‌లో. కామారెడ్డి స్టేషన్ మీదుగా రైళ్లు పోతయి కదా, ఆ ఇంజిన్‌లో కూర్చునే లోకో పైలట్‌కు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ సిగ్నల్ దూరం నుంచే తెలియాలె. అందుకే ఆ పోస్టుకు కంటి పరీక్ష అన్నిటికంటే కఠినంగా ఉంటది. చుక్కల బొమ్మలో అంకె చదవమంటరే, ఆ ఇషిహారా పరీక్ష 1917 నాటిది. దానికంటే ముందు, 1875లో స్వీడన్‌లో రెండు రైళ్లు ఢీకొన్నయి. సిగ్నల్ రంగు తప్పుగా చూడటం వల్లనే కావొచ్చని హోల్మ్‌గ్రెన్ అనే డాక్టర్ వాదించి, రంగు రంగుల ఉన్ని దారాలతో రైల్వే ఉద్యోగులను పరీక్షించే పద్ధతి తెచ్చిండు. రెండు మూడేళ్లు కోచింగ్ తీసుకుని, రాత పరీక్ష పాసై, మెడికల్ రోజు ఈ సంగతి తెలిస్తే ఎట్ల ఉంటదో ఆలోచించండి. అదే పదిహేనేళ్లప్పుడు లూడో దగ్గర అనుమానం వచ్చి కంటి డాక్టర్‌కు చూపించుకుంటే, ఏ ఉద్యోగం వైపు పోవాలో అప్పుడే చూసుకోవచ్చు. ఇంకోటి, భయపడాల్సిన పని లేదు. తేలికపాటి, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవాళ్లకు డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2020 జూన్‌లో రూల్ మార్చింది. సో, మీ గ్యాంగ్‌లో ఆ ఒక్కడిని ఏడిపించుడు బంద్ చేసి, ఒకసారి నెమ్మదిగా అడగండి.

కలిసిపోయేది ఎరుపు, ఆకుపచ్చ ఒక్కటే కాదు. ఇట్లాంటి చూపులో ఆకుపచ్చ, గోధుమ రంగు కలుస్తయి. నారింజ, చిలకాకుపచ్చ కలుస్తయి. నీలం, వంకాయ రంగు కలుస్తయి. ఎందుకంటే వంకాయ రంగు అంటే నీలంలో కొంచెం ఎరుపు, ఆ ఎరుపు కనబడకపోతే మిగిలేది నీలమే. గులాబీ, బూడిద, నీలిపచ్చ మూడూ మసకగా ఒకటే తీరుగా ఉంటయి. కొంతమందికైతే ఎరుపు బాగా చీకటిగా కనిపిస్తది, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎరుపు అక్షరాలు మాయమైపోతయి.

పెద్ద పెద్ద లీగులకే ఇది తగిలింది. అమెరికా ఫుట్‌బాల్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2015 నవంబర్ 12న బఫెలో బిల్స్ మొత్తం ఎరుపు, న్యూయార్క్ జెట్స్ మొత్తం ఆకుపచ్చ వేసుకుని దిగిన్రు. టీవీలో అదిరిపోవాలని ప్లాన్. వర్ణాంధత్వం ఉన్న ప్రేక్షకులకు ఇరవై రెండు మంది ఒకటే టీమ్‌లెక్క కనిపించిన్రు. ఫిర్యాదులే ఫిర్యాదులు.

ఇప్పుడు మన ఊరి ఆట చూడండి. అష్టా చమ్మా. ఐదు అడ్డం, ఐదు నిలువు గళ్లు, నాలుగు గవ్వలు, నలుగురు ఆడేటోళ్లు. గచ్చు మీద సుద్దముక్కతో గీస్తే బోర్డు రెడీ. కాయలు ఏవి? ఒకరికి చింతగింజలు, ఒకరికి గాజు ముక్కలు, ఒకరికి చిన్న రాళ్లు, ఒకరికి పుల్ల ముక్కలు. రంగు ఊసే లేదు! సందెవేళ దీపం వెలుగులో కూడా, కళ్లు సరిగా ఆనని నానమ్మ కూడా చేత్తో ముట్టుకుని "ఇది నాది, పండింది" అని చెప్పగలదు. పులి మేకలో కూడా అంతే, పులులకు పెద్ద రాళ్లు, మేకలకు చిన్నవి. ఎవరూ డిజైన్ కోర్సు చెయ్యలేదు. దొరికిన వస్తువుతో ఆడిన్రు, దొరికిన వస్తువులు ఆకారంలో, సైజులో వేరుగా ఉన్నయి. నాకైతే చాలా మొబైల్ గేముల కంటే ఆ గచ్చు మీది బోర్డే మంచి డిజైన్ అనిపిస్తది.

ఆకారం మీద నమ్మకం పెట్టుకున్న ఇంకో చోటు పోలింగ్ బూత్. 2023 నవంబర్ 30న కామారెడ్డిలో పోలింగ్. కేసీఆర్, రేవంత్ రెడ్డి, కాటిపల్లి వెంకటరమణారెడ్డి, ముగ్గురూ ఒకటే సీటుకు. డిసెంబర్ 3న వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల తేడాతో గెలిచిన్రు. నేను పాలిటిక్స్ మాట్లాడుత లేను, రంగుల గురించే. రోడ్డు నిండా గులాబీ, కాషాయం, మూడు రంగుల జెండాలు. ఈవీఎం ముందు నిలబడితే? రంగు లేదు. నల్ల గీతలతో కారు, కమలం, చెయ్యి. పక్క నియోజకవర్గం ఎల్లారెడ్డిలో అయినా అంతే. చదువు రానోళ్లకు కూడా తెలియాలని మొదటి సాధారణ ఎన్నికల నుంచే గుర్తులు పెట్టిన్రు. అట్లని ఏదో ఒక గుర్తు పెడితే సరిపోదు. కారుకు రోడ్డు రోలర్ దగ్గరగా ఉందని టీఆర్‌ఎస్ ఫిర్యాదు, 2022 మునుగోడు ఉపఎన్నికలో ఆ గుర్తు మీద పెద్ద లొల్లి. చిన్న సైజులో చూస్తే ఆకారాలు కూడా కలిసిపోతయన్నమాట. మీ గేమ్‌లో జెండా మీద సింహం, పులి పెట్టుకుంటే అదే కథ. సూర్యుడు, చేప, గొడ్డలి పెట్టుకోండి, దూరం నుంచి తెలుస్తయి.

సరే, రంగులకే వద్దాం. రంగు పేరు ఒకటి, దాని వెలుగు ఇంకోటి. ఫోన్ స్క్రీన్ మీద తెలుపు వెలుగు 100 అనుకుంటే, పూర్తి పసుపు 93 దాకా ఉంటది. సయాన్, అంటే నీలిపచ్చ, 79. ఆకుపచ్చ 72. మెజెంటా 28. ఎరుపు 21. నీలం 7. ఈ లెక్క చూస్తే గొడవలన్నీ అర్థమైతయి. పసుపు, సయాన్, ఆకుపచ్చ మూడూ పైన గుంపుగా ఉన్నయి. ఎరుపు, మెజెంటా పక్కపక్కనే. పసుపు, నీలం మాత్రం ఈ కొన, ఆ కొన. చూపు ఎట్లున్నా, వెలుగులో తేడా అందరికీ తెలుస్తది. కాబట్టి రంగులు ఎంచేటప్పుడు "వేరు వేరు పేర్లు" అని కాదు, "ఒకటి లేత, ఒకటి ముదురు" అని ఎంచాలె.

చెక్ చేసుకోవడం ఈజీ. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కలర్ కరెక్షన్‌లోకి పోతే చాలా ఫోన్లలో గ్రేస్కేల్ ఉంటది. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే, కలర్ ఫిల్టర్స్. అది ఆన్ చేసి గేమ్ చూడండి. మీ సైన్యం, ఎదుటోడి సైన్యం ఒకటే బూడిద రంగులో కనిపిస్తే ఆ జంట వద్దు. ఒక చిన్న మాట, అట్ల ఆన్ చేసి స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే రంగుల్లోనే పోతది. ఫిల్టర్ స్క్రీన్‌కే, ఫొటోకు కాదు. పంపాలంటే మామూలు స్క్రీన్‌షాట్ తీసి ఎడిటింగ్‌లో బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి.

మినీమ్యాప్ కథ ఇంకా వేరే. కంటి మధ్యలో, మనం దేన్నైనా సూటిగా చూసే చిన్న చోట, నీలాన్ని పట్టే కణాలు ఉండవు. ఇది అందరి కళ్లకూ ఉన్నదే. చుక్క బాగా చిన్నదైతే పసుపు, తెలుపు తేడా తెలవదు. ముదురు నీలం, నలుపు తేడా తెలవదు. మెయిన్ స్క్రీన్‌లో బ్రహ్మాండంగా ఉన్న పసుపు, తెలుపు జంట మూలన మినీమ్యాప్‌లో ఒకటే అయిపోయేది అందుకే. లాబీలో ఐకాన్ చూసి డిసైడ్ కావొద్దు, మినీమ్యాప్ చూసి కావాలె.

ఫోన్ సెట్టింగ్ కూడా మోసం చేస్తది. రాత్రిపూట ఐ కంఫర్ట్, బ్లూ లైట్ ఫిల్టర్ ఆన్‌లో ఉంటే తెలుపు కాస్తా పసుపుకు తిరుగుతది, నీలం మసకబారుతది. ఒకడి ఫోన్‌లో అది ఉంటది, ఇంకోడి దాంట్లో ఉండదు, ఇద్దరూ కొట్లాడుకుంటరు. మ్యాచ్ టైమ్‌లో తీసేయండి. మధ్యాహ్నం బస్టాండ్‌ల కూర్చుని ఆడేటోళ్లకైతే ఎండలో ముదురు రంగులన్నీ నల్లగానే కనిపిస్తయి, దానికి మందు బ్రైట్‌నెస్ పెంచుడే.

ఇంకో చిక్కు. క్లాష్ రాయల్‌లో ఎవరి స్క్రీన్ మీద వాళ్లది నీలం, ఎదుటోడిది ఎరుపు. ఎదుటోడి ఫోన్‌లో చూస్తే వాడు నీలం, మీరు ఎరుపు. ఇద్దరు ఆడే ఆటకు చాలా మంచి ఉపాయం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఎనిమిది మందికి వరుసగా నీలం, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, సయాన్, వంకాయ రంగు, బూడిద, నారింజ ఉంటయి, దాంతో పాటు మనం, మనోళ్లు, శత్రువులు అని మూడే రంగుల్లోకి మార్చే ఆప్షన్ కూడా ఉంది. చూపు ఇబ్బంది ఉన్నోడికి అది వరం. కానీ టీమ్‌లో ఒక్కడే అది ఆన్ చేస్తే వాడికి శత్రువులందరూ ఎరుపే. వాడు "ఎర్రోడు కొడుతున్నడు" అంటడు, మిగతా ఇద్దరూ అసలైన ఎర్రోడి కోట వైపు ఉరుకుతరు. ఆన్ చేస్తే టీమ్ మొత్తం చెయ్యండి, లేదంటే రంగు పేరు బదులు ప్లేయర్ పేరు, మ్యాప్ దిక్కు చెప్పండి. "ఉత్తరం నుంచి వస్తున్నరు" అంటే ఎవడి స్క్రీన్‌లోనైనా ఉత్తరమే.

ఇప్పుడు మన ముగ్గురు వర్సెస్ ముగ్గురికి నా లిస్టు. కామారెడ్డి టీమ్‌కు చల్లటి రంగులు: ముదురు నీలం, ఆకాశ నీలం, తెలుపు. ఎల్లారెడ్డి టీమ్‌కు వేడి రంగులు: పసుపు, నారింజ, ఎరుపు. ఎల్లారెడ్డికి ఎల్లో, గుర్తుపెట్టుకునుడు కూడా అల్కగనే ఉంటది. ఎరుపు కొంచెం ముదురుది పెట్టండి, అప్పుడు రెండు టీముల్లోనూ లేత, మధ్య, ముదురు మూడు మెట్లు ఉంటయి. మినీమ్యాప్‌లో పసుపు, తెలుపు కలుస్తయని ఇందాకే చెప్పిన కదా. అవి రెండు వేరే టీములు, అందుకే ఆ ఇద్దరినీ మ్యాప్‌లో ఎదురెదురు మూలల్లో పెట్టండి, లేదా తెలుపు తీసేసి బూడిద తీసుకోండి. మంచు మ్యాప్ అయితే తెలుపు అసలే వద్దు, ఎడారి అయితే పసుపు కష్టం.

ఇద్దరే ఆడితే నీలం, నారింజ, ఇంక ఆలోచన అక్కర్లేదు. లూడోలో ఇద్దరే అయితే సాధారణంగా ఎరుపుకు ఎదురు పసుపు వస్తది, బాగానే ఉంటది. నలుగురైతే ఎరుపు, ఆకుపచ్చ తప్పవు కాబట్టి, చూపు ఇబ్బంది ఉన్నోడికి నీలమో పసుపో ముందు ఎంచుకోనివ్వండి. ఎనిమిది మందికి? రంగుతో మాత్రమే ఎనిమిది మందిని వేరు చెయ్యడం కాదు. జపాన్ సైంటిస్టులు ఒకాబే, ఇతో అందరి చూపుకూ పనికొచ్చేటట్టు ఒక ఎనిమిది రంగుల సెట్ చేసిన్రు, అందులో నలుపు కూడా ఒకటి. గ్రాఫులకు అది చాలా మంచిది. పరిగెత్తే చిన్న చిన్న సైనికులకు, గడ్డి మీద, పొగలో, అదీ సరిపోదు. అక్కడ జెండా గుర్తు, తలమీద పేరు ఆన్ చెయ్యాల్సిందే.

మీలో గేములు తయారు చెయ్యాలనుకునేటోళ్లకు ఒక్క ముక్క. బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే ఫ్రీ గేమ్‌లో సైనికుడి బొమ్మ గీసేటప్పుడు టీమ్ రంగు రావాల్సిన చోట మెజెంటా షేడ్స్ వేస్తరు. గేమ్ నడిచేటప్పుడు ఆ మెజెంటా అంతా ఆ ప్లేయర్ రంగులోకి మారిపోతది. ఒక బొమ్మ గీస్తే అన్ని టీములకూ పనికొస్తది. అయితే ఆ మెజెంటా చోటు సైనికుడి టోపీ అంచుకే పరిమితమైతే ఎవడికీ కనిపించదు. డాలు, అంగీ, జెండా, పెద్ద భాగాలకు ఇవ్వాలె. వెస్నోత్‌లో కాళ్ల కింద రంగు వలయం కూడా గీస్తరు, గడ్డిలో ఉన్నా తెలవాలని.

ఈసారి లాబీ ఓపెన్ కాగానే "రెడీ" నొక్కకముందు ఒక్క నిమిషం ఆగి, గ్రేస్కేల్ ఆన్ చేసి, మినీమ్యాప్ చూసి, "నీకు ఏ రెండు కలుస్తున్నయిరా?" అని గ్యాంగ్‌లో అందరినీ అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫాగ్ ఆఫ్ వార్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.